ఇనుము తక్కువే... కానీ మాత్ర మింగొద్దు!

రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో అందరూ నిద్రపోయారు. ఆయన మాత్రం హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూనే ఉన్నాడు.

'ఏమండీ, ఈ వేళప్పుడు ఆ పచార్లేంటి?'

'పడుకుంటే కాళ్లు ఊరుకోవడం లేదే. లోపలేదో పాకుతున్నట్టుంది. నాలుగడుగులు వేస్తే కాస్త నయం.'

'రేపట్నుంచి రోజూ ఓ ఐరన్ మాత్ర వేసుకోండి. పక్కింటి వదినకు దాంతోనే తగ్గింది.'

చాలా ఇళ్లలో వినిపించే మాటలే ఇవి. పక్కింటి వదిన విషయంలో ఆ సలహా సరైనదే కావచ్చు. కానీ అందరి ఒళ్లూ ఒకటి కాదు. కొందరికి ఒంట్లో ఇనుము అడుగంటిపోయినా సరే, ఆ మాత్రే ముప్పు తెచ్చిపెట్టొచ్చు. వాళ్లకున్నది రక్తహీనత కాదు... సరిగ్గా దానికి ఎదురు జబ్బు. పేరు పాలీసైథీమియా వెరా. డాక్టర్లు పొట్టిగా 'పీవీ' అంటారు.

రక్తం ఎక్కువైతే...

'రక్తం తక్కువైతే జబ్బు గానీ ఎక్కువైతే ఏమవుతుంది?' అనిపిస్తుంది. అయ్యేది చాలానే. పీవీలో ఎముకల మూలుగ అదుపు తప్పి ఎర్రకణాలను అవసరానికి మించి తయారు చేస్తుంది. దాంతో రక్తం చిక్కబడుతుంది. చిక్కబడిన రక్తం గడ్డకడితే పక్షవాతమో గుండెపోటో రావచ్చు. ఫ్రాన్స్ వైద్యుడు లూయీ వాకే 1892లోనే ఈ జబ్బును వర్ణించాడు. కారణం తేలడానికి మాత్రం వందేళ్లు పైనే పట్టింది. జాక్2 అనే జన్యువులో వచ్చే మార్పే దీనికి మూలమని 2005లో బయటపడింది. ఈ మార్పు చాలామందిలో పుట్టుకతో వచ్చేది కాదు, నడి వయసులోనో ఆ తర్వాతో బయటపడుతుంది.

వైద్యం వినడానికి పాతకాలపుదిలా ఉంటుంది. రక్తదానంలో తీసినట్టే ఓ సంచీడు రక్తం తీసేస్తారు. దాన్ని వేరేవాళ్లకు ఎక్కించరు. ల్యాబు చీటీలో 'పీసీవీ' అని ఉండే అంకె 45 శాతం దాటకుండా చూడటమే గురి. ఆ అంకె మీద అంత పట్టుదల ఎందుకంటే... 45 లోపు ఉంచిన వాళ్లతో పోలిస్తే 45-50 మధ్య వదిలేసిన వాళ్లలో గుండె, రక్తనాళాల మరణాలు, పెద్ద గడ్డలు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని ఇటలీ వైద్యులు 2013లో తేల్చారు.

ఖజానా ఖాళీ

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఎర్రకణాల్లో ఉండేది ఇనుమే కదా. 450 మిల్లీలీటర్ల రక్తం తీస్తే దాంతోపాటు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. తిండి ద్వారా రోజుకు ఒంటికి పట్టేది ఒకటి, రెండు మిల్లీగ్రాములే! మగవాళ్ల ఒంట్లో నిల్వ ఉండే ఇనుము సుమారు ఒక గ్రాము. లెక్క వేసుకుంటే నాలుగైదు సంచులతో ఆ నిల్వ సరి. ఆడవాళ్లలో నిల్వ అంతకన్నా తక్కువ.

ఇది వైద్యంలో జరిగిన పొరపాటు కాదు. ఇనుము చాలకపోతే మూలుగ కొత్త కణాలను జోరుగా తయారు చేయలేదు. రక్తం అదుపులో ఉండటానికి ఆ కొరత కూడా పనికొస్తుంది. ఇప్పుడు ఐరన్ మాత్రలు మొదలుపెడితే మంటలో నెయ్యి పోసినట్టే. కొన్ని వారాల్లోనే పీసీవీ మళ్లీ 45 దాటేయొచ్చు.

పైగా ఈ కొరత అంత తేలిగ్గా కంటపడదు. హిమోగ్లోబిన్ 14 ఉంటుంది. 'భేషుగ్గా ఉంది' అనుకుంటారు. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ పడిపోయి ఉంటుంది. సీరం ఫెరిటిన్ పరీక్ష చేస్తే గానీ నిల్వ ఎంతుందో తెలియదు.

కాళ్లకేం సంబంధం?

మెదడులో డోపమిన్ అనే రసాయనం తయారు కావాలంటే ఇనుము కావాలి. మెదడుకు ఇనుము చాలనప్పుడు ఈ వ్యవస్థ గాడి తప్పి కాళ్లలో అలజడి పుడుతుందని నిపుణుల అంచనా. దీన్నే రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. స్వీడన్‌కు చెందిన న్యూరాలజిస్టు కార్ల్ ఎక్‌బోమ్ 1945లో దీనికి ఆ పేరు పెట్టాడు.

మన ఇళ్లలో కూర్చుని కాళ్లూపితే పెద్దవాళ్లు కసురుతారు, ఇంటికి అరిష్టమంటారు. పాపం, ఈ బాధ ఉన్నవాళ్లు కావాలని ఊపరు. గుర్తుపట్టడానికి నాలుగు ఆనవాళ్లున్నాయి. కాళ్లు కదపాలని ఆపుకోలేనంత కోరిక, కూర్చున్నా పడుకున్నా అది పెరగడం, కదిపితే తగ్గడం, సాయంత్రం నుంచి ముదరడం. బస్సు ప్రయాణంలోనో సినిమా హాల్లోనో నరకమే.

పీవీ ఉన్నవాళ్లకు ఇంకో తిరకాసుంది. ఈ జబ్బులో అరికాళ్లు ఎర్రబడి భగ్గున మండటం కూడా ఉంటుంది. అది వేరు. నడిస్తే తగ్గదు, చల్లదనానికి ఉపశమిస్తుంది. డాక్టరు రాసే చిన్న మోతాదు ఆస్ప్రిన్‌తో చాలామందికి తగ్గుతుంది. రెంటినీ 'కాళ్ల తిమ్మిర్లు' అని ఒకే గాటన కట్టి చెబితే డాక్టరుకూ అర్థం కాదు.

మరి దారేది?

మామూలు మనుషుల్లో అయితే ఫెరిటిన్ 75 లోపు ఉండి కాళ్ల అలజడి ఉంటే ఐరన్ ఇస్తారు. పీవీలో ఆ నిర్ణయం రక్తవ్యాధుల నిపుణుడిదే (హెమటాలజిస్టు). బాధ మరీ భరించలేనప్పుడు కొద్ది రోజులు, కొద్ది మోతాదులో ఇచ్చి పీసీవీని తరచూ చూస్తుంటారు. లేదంటే రక్తం తీయడం తగ్గించి హైడ్రాక్సీయూరియా, ఇంటర్‌ఫెరాన్, రుక్సోలిటినిబ్ లాంటి మందులతో కణాలను అదుపు చేస్తారు. రక్తం బయటికి పోకపోతే ఇనుము మెల్లగా కోలుకుంటుంది. రుస్ఫెర్టైడ్ అనే ఇంజెక్షన్ మీద జరిగిన మూడో దశ పరీక్షల ఫలితాలు 2025లో వెలువడ్డాయి. దాంతో రక్తం తీయాల్సిన అవసరం బాగా తగ్గింది.

కాళ్ల అలజడికే విడిగా మందులున్నాయి. ఒకప్పుడు ముందుగా రోపినిరోల్, ప్రామిపెక్సోల్ రాసేవారు. మొదట్లో అద్భుతంగా పనిచేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ రాత్రి పదికి మొదలయ్యే బాధ సాయంత్రం నాలుగుకే రావచ్చు. కొందరికి జూదం, షాపింగ్ పిచ్చి పట్టుకోవడమూ ఉంది. అందుకే అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2025లో గాబాపెంటిన్, ప్రీగాబలిన్ తరహా మందులకు పెద్దపీట వేసింది. వీటితో మగత, తూలు ఉంటాయి. పెద్దవయసు వాళ్లు రాత్రి బాత్రూముకు లేచేటప్పుడు జాగ్రత్త.

మందుల డబ్బాను ఓసారి బోర్లించి చూడటమూ మంచిదే. పీవీలో స్నానం చేయగానే ఒళ్లంతా దురద రావడం మామూలు. దానికి మందుల షాపులో అడిగి మగత తెచ్చే దురద బిళ్లలు తెచ్చుకుంటారు. వాటిలో కొన్ని కాళ్ల అలజడిని పెంచుతాయి! వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులూ అంతే. అలాగని డాక్టరు రాసిన మందును సొంతంగా ఆపకూడదు. అడిగి మార్పించుకోవాలి.

తిండి సంగతా? తోటకూర పప్పుకు, నువ్వుండలకు భయపడక్కర్లేదు. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టేది కొంచెమే. చూడాల్సింది టానిక్కులను, మల్టీవిటమిన్లను. లేబుల్ మీద ఫెర్రస్ ఫ్యూమరేట్, ఫెర్రస్ ఆస్కార్బేట్ అని ఉంటే అది ఐరనే. సాయంత్రం పూట కాఫీ, మద్యం మానేస్తే కొందరికి హాయిగా ఉంటుంది. పిక్కలు పిసకడం, పడుకునే ముందు కాళ్లు సాగదీయడం, కాసేపు నడవడం మంచివే. వేడినీళ్లలో కాళ్లు పెట్టుకోమని అందరూ చెబుతారు గానీ, దురదా అరికాళ్ల మంటా ఉన్న పీవీ రోగులకు ఆ చిట్కా బెడిసికొట్టొచ్చు.

అలజడి సాధారణంగా రెండు కాళ్లలోనూ ఉంటుంది, వాపు ఉండదు. ఒకే కాలి పిక్క వాచి, నొప్పి పుట్టి, వేడిగా తగిలితే మాత్రం అది రక్తం గడ్డ కావచ్చు. మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యీ కాలూ పట్టు తప్పడం కూడా అలాంటివే. అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పీవీ ఉందన్న సంగతి, చివరిసారి రక్తం ఎప్పుడు తీశారన్నది అక్కడి డాక్టరుకు ముందే చెప్పాలి.