వెలుగులో ముప్పావలా వాటా

బాలలూ! సెల్‌ఫోను తెర మీద ఎర్రని మందారం, పచ్చని చిలక ఎంత కళకళలాడుతూ కనిపిస్తాయో చూశారు గదా! ఓఎల్‌ఈడీ తెర ఉన్న ఫోనులో ఆ ఎరుపు, ఆ ఆకుపచ్చ సాధారణంగా ఇరిడియం అనే బరువైన లోహం చలవే. ఆ లోహం చేసే మేలేమిటో తెలుసుకుందాం.

అణువులో ఎలక్ట్రానులు చాలావరకు జంటలుగా ఉంటాయి. ప్రతి ఎలక్ట్రానుకూ 'స్పిన్' అనే గుణం ఉంది. దాన్ని బొంగరం తిరగడంతో పోలుస్తారు. ఎలక్ట్రాను నిజంగా బొంగరం కాదు. అయినా ఆ పోలిక మనకు సాయపడుతుంది. ఒకే గూటిలో రెండు ఎలక్ట్రానులు ఉండాలంటే ఒకటి కుడికి తిరిగితే రెండవది ఎడమకు తిరగవలసిందే. ఇది ప్రకృతి పెట్టిన కట్టుబాటు.

తెరలోకి విద్యుత్తు వచ్చినప్పుడు అణువులో ఒక ఎలక్ట్రాను పై మెట్టుకు చేరుతుంది. కింద దాని జత ఒంటరిగా ఉంటుంది. పైది దిగి వచ్చి జతను కలిస్తే, ఆ శక్తి వెలుగై బయటికి వస్తుంది. కాని నాలుగింట మూడుసార్లు రెండూ ఒకే తీరున తిరుగుతుంటాయి! కట్టుబాటు వాటిని కలవనివ్వదు. కార్బను, హైడ్రోజను వంటి తేలిక పరమాణువులే ఉన్న అణువులో ఆ శక్తి చివరకు చాలావరకు వేడిగా పోతుంది. రూపాయిలో ముప్పావలా నేలపాలైనట్లే!

ఇక్కడే ఇరిడియం ఆదుకుంటుంది. ఎట్లాగంటారా? మలక్‌పేట స్టేషనులో ఫలక్‌నుమా వెళ్ళే రైలెక్కి కిటికీలోంచి చూడండి. మీరు కదలనట్లూ, స్తంభాలే వెనక్కు పరుగెత్తుతున్నట్లూ ఉంటుంది. కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాను సంగతీ అంతే. దాని వైపునుంచి చూస్తే కేంద్రకమే తన చుట్టూ తిరుగుతున్నట్లు లెక్క. విద్యుదావేశం కదిలితే అయస్కాంత బలం పుడుతుంది. ఎలక్ట్రాను కూడా ఒక చిట్టి అయస్కాంతమే కనుక ఆ బలం దాని స్పిన్‌ను మళ్ళించగలదు. స్పిన్‌కూ కక్ష్యకూ ఉన్న ఈ లంకెనే 'స్పిన్-కక్ష్య యుగ్మనం' అంటారు.

కార్బను కేంద్రకంలో 6 ప్రోటానులుంటే ఇరిడియంలో 77 ఉన్నాయి. అందుచేత ఇరిడియంలో ఈ లంకె ఎంతో బలమైనది. ఈ పరివర్తన లోహపు పరమాణువును మధ్య నిలిపి, చుట్టూ కార్బను అణువులను తగిలిస్తే 'సంశ్లిష్టం' తయారవుతుంది. అందులో ఆగిపోయిన ఎలక్ట్రానుకు దారి దొరుకుతుంది. పోయిన ముప్పావలా తిరిగి వెలుగవుతుంది!

1998లో అమెరికాలో ఫారెస్ట్, థాంప్సన్‌ల బృందం ప్లాటినంతో ఎర్రని వెలుగు తెప్పించింది. 1999లో ఇరిడియంతో ఆకుపచ్చ వెలుగు వచ్చింది. మన మలక్‌పేటకు ఉత్తరాన ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ స్విట్జర్లాండు వెళ్ళి ఇటువంటి సంశ్లిష్టాల మీదే కృషి చేశారు. 1993లో ఆయన, గ్రాట్జెల్, తోటివారు రుథేనియం రంగుతో ఎండను విద్యుత్తుగా మార్చిన తీరు ప్రకటించారు. 2003లో ఆయన బృందం ఇరిడియంతో విద్యుత్తును వెలుగుగా మార్చింది. ఒకటి రానూ, ఒకటి పోనూ!

అయితే ఒక చిక్కు మిగిలింది. నీలం వెలుగునిచ్చే ఇటువంటి సంశ్లిష్టాలు త్వరగా పాడవుతాయి. నీలపు వెలుగుకు ఎక్కువ శక్తి కావాలి. ఆ శక్తే అణువును విరిచేస్తుంది. అందుకే చాలా ఫోనులలో నీలానికి పాత పద్ధతే వాడుతూ వచ్చారు. మన్నికైన నీలం కోసం ఎందరో పాటుపడుతున్నారు. రేపు ఆ పనిలో మీలో ఎవరైనా చెయ్యి వేస్తారేమో, ఎవరు చెప్పగలరు?