కొత్త పేరుకు చోటెక్కడ?

తెలంగాణంలో కవులే లేరన్న మాట ఒకప్పుడు పుట్టింది. దానికి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో “గోలకొండ కవుల సంచిక” వెలువరించారు. అందులో 354 మంది కవులు! ఆయన గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు వారు; 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనారు.

ఇన్ని పేర్లు అకారాదిగా రాసుకునే వాడి అవస్థ ఊహించండి. పట్టిక పూర్తయిన తర్వాత “ఆ”తో మొదలయ్యే పేరొకటి ఆలస్యంగా వచ్చిందనుకోండి. కిందివాళ్లందరినీ ఒక్కొక్క మెట్టు దించాలి. లేదా కొత్తవాణ్ణి అనుబంధంలోకి తొయ్యాలి. అనుబంధంలో పడ్డవాణ్ణి ఎవరు చూస్తారు?

ఈ చిక్కుకు కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఒక చెట్టు నాటారు. దాని పేరు బైనరీ సెర్చ్ ట్రీ. గీతలో చెప్పిన అశ్వత్థంలాగా దీనికీ వేరు పైన, కొమ్మలు కింద. 1960లో లండనులో బూత్, కాలిన్ అనే ఇద్దరు దీన్ని వివరించినప్పుడు వారి వ్యాసం నిఘంటువు కూర్చే కొత్త పద్ధతిని గురించే. అంచేత తెలుగు పంతులు ఇందులో తల దూర్చడం మరీ అనధికారం కాదు!

మన ఊళ్లతోనే నాటి చూద్దాం. మొదట వచ్చిన పేరు గద్వాల. అదే వేరు. ఇక సూత్రం ఒక్కటే: అకారాదిలో ముందు వచ్చేది ఎడమకు, తర్వాత వచ్చేది కుడికి. అలంపురం వచ్చింది, “అ” ముందు గనుక గద్వాలకు ఎడమ. పెబ్బేరు కుడి. తర్వాత కొల్లాపురం వచ్చింది. గద్వాలను అడిగితే “నాకు ఎడమవైపు వెళ్లు” అన్నది. అక్కడ అలంపురం వున్నది. “నాకు కుడివైపు” అన్నది. అక్కడ ఖాళీ. కొల్లాపురం కూర్చున్నది. ఇట్లాగే వనపర్తి పెబ్బేరుకు కుడిన, అచ్చంపేట అలంపురానికి ఎడమన, నాగర్‌కర్నూలు పెబ్బేరుకు ఎడమన చేరినవి. ఏడు ఊళ్లు, మూడే అంతస్తులు. పాతవారెవరూ చోటు కదలలేదు, అనుబంధం అక్కరలేదు. ప్రతి చోటా ముందు ఎడమ కొమ్మ, తర్వాత తాను, ఆపైన కుడి కొమ్మ చదువుకుంటూ పోతే అచ్చమైన అకారాది పట్టిక వస్తుంది.

ఒకే పేరు రెండోసారి వస్తే? ఆత్మకూరు వనపర్తి జిల్లాలో వుంది, నెల్లూరు జిల్లాలోనూ వుంది. ఎడమా కుడీ తేలదు. పక్కన జిల్లా పేరు కలిపి రాయడం వంటి ఏర్పాటు ముందే చేసుకోవాలి.

ఇంతవరకూ బాగానే వుంది. కాని ఇవే ఊళ్లు బుద్ధిగా అకారాది వరసలోనే వచ్చాయనుకోండి: అచ్చంపేట, అలంపురం, కొల్లాపురం... ప్రతిదీ ముందుదానికి కుడివైపే పోతుంది. ఎడమ కొమ్మ మొలవదు. అది మర్రిచెట్టు కాదు, తాడిచెట్టు! 354 పేర్లు ఇట్లా వస్తే చివరివాడు 353 మందిని పలకరించి గాని కూర్చోలేడు. అదే చెట్టు రెండువైపులా సమంగా విస్తరిస్తే తొమ్మిది అంతస్తుల్లో 511 పేర్ల దాకా పడతాయి. వరస తప్పి వచ్చినవాళ్లే ఇక్కడ మేలు చేశారన్న మాట.

వచ్చేవాళ్ల వరస మన చేతిలో వుండదు గదా! అందుకని 1962లో సోవియట్ దేశపు గణితజ్ఞులు అడెల్సన్ వెల్‌స్కీ, లాండిస్ ఒక ఉపాయం చెప్పారు. ఒక పక్క కొమ్మ మరీ దిగితే అక్కడి పేర్లు తమలో తాము చోట్లు మార్చుకుంటాయి. చెట్టు సమంగా నిలుస్తుంది, అకారాది చెడదు.

ఈ చెట్టులో నాకు నచ్చిన గుణం మరొకటి వుంది. ఒక పేరును వెతికే దారి కూడా దాన్ని చేర్చిన దారే. ఆ దారి వెంట దిగి, వుండవలసిన చోటు ఖాళీగా కనిపించిన తర్వాతనే ఇది “లేరు” అంటుంది. 354 మందిలోనైనా, సమంగా పెరిగిన చెట్టయితే తొమ్మిది ప్రశ్నలకు మించదు. తొమ్మిది ప్రశ్నలైనా అడగకుండా “లేరు” అన్నవాళ్లకు జవాబు చెప్పడానికే గదా, ప్రతాపరెడ్డిగారు అంత పుస్తకం వెయ్యవలసి వచ్చింది!