పెచ్చులూడుతున్నాయా? పెయింట్ డబ్బా పక్కన పెట్టండి!

పాత అపార్ట్‌మెంట్ల బలం పరీక్షించడం నా పని. వెళ్లగానే అందరూ అడిగేది ఒకటే: ‘‘సార్, బిల్డింగ్ ఇంకెన్నాళ్లుంటుంది?’’ వయసు చూసి చెప్పేయలేం. నేను ముందు వెతికేది తుప్పు.

కొత్త కాంక్రీట్ పీహెచ్ 12 పైనే ఉంటుంది. ఆ క్షారగుణమే లోపలి ఇనుప చువ్వలకు కవచం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి చేరి దాన్ని తగ్గించేస్తుంది. విశాఖ లాంటి తీర నగరాల్లో ఉప్పుగాలి అదనం. కవచం పోయాక చెమ్మ తగిలిందా, తుప్పు మొదలు! తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీట్ చీలి, పెచ్చులు ఊడతాయి. పైన సిమెంట్ పూసి రంగేస్తే మచ్చ పోతుంది, జబ్బు పోదు.

మరి ఎలా తెలుస్తుంది? ముందు సుత్తితో తడతాం. ‘డొల్ల’ శబ్దం వస్తే లోపల పొర విడిపోయినట్టే. రీబౌండ్ హామర్ పైపొర గట్టిదనం చెబుతుంది. అల్ట్రాసోనిక్ తరంగాలు నెమ్మదిగా వెళితే లోపల పగుళ్లో, ఖాళీలో ఉన్నాయని అనుమానం. కొత్తగా చెక్కిన చోట ఫినాఫ్తలీన్ చల్లితే గులాబీ రంగు రావాలి. రంగు రాని పొర చువ్వ దాకా చేరితే కవచం పోయినట్టే. ఉప్పు సంగతి మాత్రం ఇది చెప్పదు, దానికి కాంక్రీట్ పొడి తీసి ల్యాబ్‌కు పంపాలి. ఏ ఒక్క టెస్టుతోనూ తీర్పు చెప్పకూడదు.

అమెరికాలోని సర్ఫ్‌సైడ్‌లో 12 అంతస్తుల చాంప్లెయిన్ టవర్స్ సౌత్‌ను 2018లో ఓ ఇంజినీర్ పరిశీలించారు. పూల్ పక్క స్లాబ్ వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతిందని, ఆలస్యం చేస్తే కాంక్రీట్ ఇంకా పాడవుతుందని రిపోర్టిచ్చారు. ఆ కాంక్రీట్ రిపేర్లు మొదలవకముందే, 2021 జూన్ 24న భవనంలో పెద్ద భాగం కూలింది. 98 మంది చనిపోయారు. తుప్పొక్కటే కారణం కాదు, దర్యాప్తులో డిజైన్ లోపాలూ బయటపడ్డాయి. కానీ హెచ్చరిక చేతిలో ఉండగానే దాదాపు మూడేళ్లు గడిచిపోయాయి.

మన అసోసియేషన్ మీటింగుల్లోనూ అంతే. పెయింట్‌కు చందా వెంటనే వస్తుంది, టెస్టింగ్ అనగానే ‘‘వచ్చే ఏడాది చూద్దాం’’ అంటారు. మీ చేతిలో ఫోన్ ఉందిగా! పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి, తేదీ రాసి, పక్కన స్కేల్ పెట్టి ఫొటో తీయండి. నెలనెలా అదే చోట తీసి గ్రూప్‌లో పెట్టండి. పగులు పెరుగుతున్నా, చువ్వ బయటపడినా స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవండి. పిల్లర్ నలుగుతున్నట్టు కనిపిస్తే మాత్రం ఫొటోల కోసం ఆగొద్దు. అందరినీ తీసుకుని బయటికొచ్చేయండి.