హిజ్కియా సొరంగం: ఒక్క వచనం వెనక 533 మీటర్ల రాయి

సర్వేయింగ్ ల్యాబ్‌లో ఆటో లెవెల్ పట్టుకుని గ్రౌండ్ చుట్టూ ఒక రౌండ్ వేసొచ్చేసరికి క్లోజింగ్ ఎర్రర్ ఎంత వస్తుందో సివిల్ వాళ్లని అడగండి. పట్టపగలు, చదునైన నేల మీద మన పరిస్థితి అది. ఇప్పుడు సుమారు 2,700 ఏళ్లు వెనక్కి వెళ్దాం. యెరూషలేములో ఒక కొండ. దాని లోపల దీపాల వెలుగులో రెండు జట్లు చెరో వైపు నుంచి సున్నపురాయి తొలుచుకుంటూ వస్తున్నాయి. మధ్యలో ఎక్కడో కలవాలి. చేతిలో దిక్సూచి కూడా లేదు.

కలిశారు. ఆ సొరంగం ఇప్పటికీ ఉంది, అందులో నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి.

యూదుల లేఖనాల్లో దీని గురించి ఉన్నది చాలా తక్కువ. రాజులు రెండవ గ్రంథం 20వ అధ్యాయంలో హిజ్కియా రాజు కథ ముగిస్తూ, అతను కోనేరూ కాలువా చేయించి నగరంలోకి నీళ్లు రప్పించాడని ఒక్క వచనంలో చెప్పేశారు. దినవృత్తాంతాలు రెండవ గ్రంథం 32వ అధ్యాయం ఇంకాస్త వివరం ఇస్తుంది. అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తి వస్తున్నాడని తెలిసి ఊరి బయటి ఊటల్ని మూయించాడట, గిహోను నీటిని పడమటి వైపుకు మళ్లించాడట. చదివేవాళ్లు సాధారణంగా ఈ మాటలు దాటేసి, దేవదూత ఒక్క రాత్రిలో 1,85,000 మంది సైనికుల్ని హతం చేసిన ఘట్టానికి వెళ్లిపోతారు. కథంతా అక్కడే ఉందనిపిస్తుంది మరి.

కానీ ఆ నేల తీరు చూస్తే, దాటేసిన ఆ ఒక్క వచనమే అసలు సంగతి అని తెలుస్తుంది. పాత యెరూషలేము ఒక ఇరుకైన కొండ మీద ఉండేది. దానికి తూర్పున కిద్రోను లోయ. ఏడాది పొడవునా నీళ్లిచ్చే ఊట ఊరికి ఒక్కటే, గిహోను. అదేమో లోయ అడుగున ఉంది. కోటగోడని అక్కడిదాకా దింపితే ఎదుటి కొండ మీంచి శత్రువుకి అంతా కనబడుతుంది. గోడని పైన కడితే ఊట బయట పడుతుంది. ఊట దగ్గర పాతకాలపు బురుజుల పునాదులు బయటపడ్డాయి గానీ, నెలల తరబడి ముట్టడి జరిగితే నీటి కోసం వాటినే నమ్ముకుని కూర్చోవడం కష్టం. హిజ్కియా వేసిన లెక్క సింపుల్: ఊటని పైనుంచి కప్పేయాలి, నీటిని కొండ కింద నుంచే నగరం దక్షిణపు కొసకి, గోడల లోపలున్న కోనేటికి తీసుకుపోవాలి. బయట శత్రువుకి దాహం, లోపల మనకి నీళ్లు. తెలుగు బైబిల్‌లో సిలోయము కోనేరు అని చదువుతామే, సొరంగం తెరుచుకునేది అక్కడే.

సొరంగం పొడవు 533 మీటర్లు. రెండు కొసల మధ్య తిన్నగా కొలిస్తే 320 మీటర్లే, కానీ ఇది ఎస్ ఆకారంలో వంకర్లు తిరుగుతుంది. ఈ కొస నుంచి ఆ కొసకి వాలు సుమారు 30 సెంటీమీటర్లు, అంటే మీటరుకి అర మిల్లీమీటరు పైచిలుకు! వెడల్పు చాలాచోట్ల ఒక మనిషి పట్టేంతే, కాబట్టి ఎంతమంది కూలీలున్నా ఎదుటి రాయిని కొట్టేది ఒక్కడే. దక్షిణపు కొసన పైకప్పు చాలా ఎత్తుగా ఉంటుంది. లెవెల్ తప్పి, నీళ్లు పారడం కోసం నేలని మళ్లీ కిందికి చెక్కారన్నమాట.

అన్ని వంకర్లు ఎందుకు? కొండలో ముందే ఉన్న సహజమైన పగుళ్లని పట్టుకుని వెళ్లారని 1991లో డాన్ గిల్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాదించాడు. పైనుంచి కొండని కొడుతుంటే ఆ శబ్దాన్ని బట్టి దారి సరిచేసుకున్నారని ఇంకొందరు అన్నారు. నాకు రెండోది ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది, కారణం గోడల మీదే ఉంది. ఒక చోటు దాకా ఉలి దెబ్బలు ఒక దిక్కుకి ఉంటాయి, అక్కడి నుంచి ఎదురు దిక్కుకి మారిపోతాయి. ఆ కలిసే చోటు దగ్గర్లో మలుపులు బాగా ఎక్కువ, కాస్త తవ్వి వదిలేసిన తప్పుదారులు కూడా ఉన్నాయి. చీకట్లో ఒకరినొకరు వెతుక్కున్నట్టే ఉంటుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. 1880లో ఒక కుర్రాడు సిలోయము వైపు నుంచి లోపలికెళ్లి గోడ మీద రాత చూశాడు. ప్రాచీన హీబ్రూలో ఆరు పంక్తులు. ఇంకా మూడు మూరల రాయి మిగిలి ఉండగా అవతలి మనిషి పిలుపు ఇవతలికి వినిపించిందనీ, చివరి రోజున గునపానికి గునపం ఎదురై దారి తెరుచుకుందనీ, నీళ్లు 1,200 మూరల దూరం పారాయనీ అందులో ఉంది. మూర అంటే మనం పూల దగ్గర కొలిచేదే, మోచేయి నుంచి వేలి కొసదాకా. 533 మీటర్లని 1,200తో భాగిస్తే 44 సెంటీమీటర్లు పైన వస్తుంది. మీ చేయి కొలుచుకుని చూడండి.

విచిత్రం ఏంటంటే, ఆ రాతలో రాజు పేరు లేదు, దేవుడి పేరూ లేదు. లేఖనంలో రాజు ఉన్నాడు, కూలీలు లేరు. గోడ మీద కూలీల గొంతు ఉంది, రాజు లేడు. ఈ రెండూ ఒకే పని గురించి అని కలిపేది ఆ స్థలమే.

అయితే స్థలం దొరికింది కదా అని కథ మొత్తం రుజువైపోదు. 2003లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన, గచ్చులో ఇరుక్కున్న మొక్కల ముక్కల్నీ సున్నపు ఊడల్నీ పరీక్షించి, సొరంగం క్రీ.పూ. 700 ప్రాంతానిదని తేల్చింది. ఇంకొన్ని దశాబ్దాలు పాతదనే పురావస్తు శాస్త్రవేత్తలూ ఉన్నారు. సన్హెరీబు దాడి జరిగింది క్రీ.పూ. 701లో. అతని శాసనం 46 పట్టణాలు గెలిచానంటుంది, హిజ్కియాని పంజరంలో పిట్టలా బంధించానంటుంది, యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం అనదు. ఎందుకు వెనుదిరిగాడు? లేఖనం దేవదూత అంటుంది. సొరంగం చెప్పగలిగింది మాత్రం ఒక్కటే: ఊరికి నీళ్లున్నాయి.

ఇవాళ టికెట్ కొని మోకాలి లోతు నీళ్లలో టార్చ్ పట్టుకుని ఈ సొరంగం ఆ కొస నుంచి ఈ కొసకి నడవొచ్చు. పైన ఉన్నది సిల్వాన్, 1967లో ఇజ్రాయెల్ ఆధీనంలోకి వెళ్లిన పాలస్తీనియన్ల పేట. కింద దావీదు నగరం పేరుతో తవ్వకాలు, పైన ఇళ్ల గోడలు బీటలిస్తున్నాయని జనం ఫిర్యాదులు. లేఖనంలోని స్థలం వెతకడం అంటే అక్కడ ఇప్పుడు బతుకుతున్నవాళ్ల నేలని తవ్వడం కూడా. ఈ గొడవ ఇంకా కోర్టుల్లోనూ వీధుల్లోనూ నడుస్తూనే ఉంది.

ఇక ఆ ఆరు పంక్తుల రాత సొరంగంలో లేదు. సుమారు పదేళ్లకి ఎవరో గోడ నుంచి పెకలించారు, ముక్కలైంది. అప్పట్లో ఆ ప్రాంతం ఒట్టోమాన్ల పాలనలో ఉండేది కాబట్టి ఆ ముక్కలు ఇస్తాంబుల్ మ్యూజియానికి చేరాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.