చిన్న డిజిటల్ పాఠాలు: ప్రేరణ, ధారణ

లక్ష్యాలు
ఈ భాగం చదివిన తరవాత మీరు:
• చిన్న పాఠం లక్షణాలను వివరించగలుగుతారు.
• అది ప్రేరణకూ, ధారణకూ ఎలా తోడ్పడుతుందో కారణాలతో చెప్పగలుగుతారు.
• మీ పాఠ్యపుస్తకాన్నే చిన్న పాఠాలుగా విభజించుకొని చదవగలుగుతారు.

1. పరిచయం
దూరవిద్యలో చేరేవారిలో చాలామంది పగలు ఉద్యోగమో, వ్యవసాయమో, ఇంటిపనో చూసుకొని రాత్రి పుస్తకం తెరిచేవారే. ఎదురుగా ముప్పై పేజీల యూనిట్ ఉంటుంది. చేతిలో ఉన్నది అరగంట. సగంలో ఆపిన యూనిట్‌ను వారం తరవాత మళ్ళీ మొదటినుంచి చదవవలసి వస్తుంది. ఇలా రెండు మూడుసార్లు జరిగితే, 'ఈ చదువు నావల్ల కాదు' అనిపిస్తుంది. పరీక్ష తప్పడం మాట అటుంచి, పరీక్ష దాకా రాకుండానే చదువు ఆగిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది.

అందువల్ల మనం రెండు విషయాలు ఆలోచించాలి: చదివింది జ్ఞాపకంలో నిలవడం, చదివేవారు కోర్సులో నిలవడం. మొదటిది జరగకపోతే రెండోది కష్టమవుతుంది.

2. చిన్న పాఠం అంటే ఏమిటి?
ఒకే భావన, ఒకే లక్ష్యం, సుమారు 5 నుంచి 10 నిమిషాల వ్యవధి, చివర ఒకటి రెండు ప్రశ్నలు ఉన్న పాఠాన్ని చిన్న పాఠం అనవచ్చు. గంట ఉపన్యాసాన్ని ఆరు ముక్కలు చేసినంతమాత్రాన ఆరు చిన్న పాఠాలు కావు. ప్రతి పాఠం దానంతట అది అర్థం కావాలి.

ఉదాహరణకు అర్థశాస్త్రంలోని 'డిమాండ్ వ్యాకోచత్వం' తీసుకోండి. మొదటి పాఠం నిర్వచనానికే పరిమితం. రెండోది లెక్క: కిలో ధర 20 రూపాయల నుంచి 22కు, అంటే 10 శాతం పెరిగింది; అమ్మకం 100 కిలోల నుంచి 80కి, అంటే 20 శాతం తగ్గింది; కాబట్టి వ్యాకోచత్వం 2. ఉప్పు ధర పెరిగినా వాడకం ఎందుకు అంతగా తగ్గదన్నది మూడో పాఠం.

3. ఇది ఎందుకు పనిచేస్తుంది?
అ) స్మృతికి పరిమితి ఉంది. మనిషి ఒకేసారి సుమారు ఏడు అంశాలను మనసులో ఉంచుకోగలడని జార్జ్ మిల్లర్ 1956లో సూచించాడు. ఆ సంఖ్య నాలుగుకు దగ్గరగా ఉంటుందని 2001లో నెల్సన్ కోవన్ వాదించాడు. ఏ అంకె తీసుకున్నా, కొత్త భావనలను ఒకేసారి కుమ్మరిస్తే మనసు మోయలేదు.

ఆ) విస్మృతి మొదట్లోనే వేగంగా జరుగుతుంది. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థరహిత పదాంశాలను తానే కంఠస్థం చేసి, 1885లో ఫలితాలు ప్రచురించాడు. ఒక గంట తరవాత తిరిగి నేర్చుకోవడంలో ఆదా అయిన శ్రమ సగంకంటే తక్కువ. ఒక రోజు తరవాత మూడోవంతు. ఆ పైన తగ్గుదల నెమ్మదించింది. అర్థవంతమైన పాఠం ఇంత త్వరగా చెరిగిపోదు, కాని విరామాలిస్తూ మళ్ళీ చదవవలసిన అవసరం దానికీ ఉంది.

ఇ) గుర్తుచేసుకోవడమే అభ్యాసం. 2006లో రోడిగర్, కార్పికీ జరిపిన ప్రయోగంలో ఒక బృందం ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివింది. మరో బృందం ఒకసారి చదివి, మూడుసార్లు చూడకుండా రాసింది. ఐదు నిమిషాల తరవాత పరీక్షిస్తే చదివినవారే ముందున్నారు. వారం తరవాత వారికి గుర్తున్నది సుమారు 40 శాతం, రాసినవారికి సుమారు 61 శాతం. చిన్న పాఠం చివరి ప్రశ్న ఎంత ముఖ్యమో దీన్నిబట్టి గ్రహించండి.

4. ప్రేరణ ఎలా పెరుగుతుంది?
స్వేచ్ఛ, సామర్థ్య భావన, ఇతరులతో అనుబంధం అనే మూడు అవసరాలు తీరినప్పుడు ప్రేరణ నిలుస్తుందని డెసి, రయాన్‌ల సిద్ధాంతం చెబుతుంది. బస్సులోనైనా చదవగలగడం స్వేచ్ఛ. 'ఇవాళ ఒకటి పూర్తిచేశాను' అనుకోవడం సామర్థ్య భావన. మూడోది మాత్రం ఫోనులోంచి దానంతట అది రాదు. అధ్యయన కేంద్రంలోని తోటి విద్యార్థితో పాఠం గురించి మాట్లాడితేనే వస్తుంది.

5. పరిమితులు
చిన్న వీడియోను చివరిదాకా చూడడం వేరు, నేర్చుకోవడం వేరు. పైగా పదిమార్కుల వ్యాసానికి ముక్కలు చాలవు. వాటిని కలిపే వాదన కావాలి. ఒక నవలనో, సుదీర్ఘ చారిత్రక పరిణామాన్నో తీరికగా చదవక తప్పదు. చిన్న పాఠాలు మెట్లు మాత్రమే.

6. మీరు చేయవలసింది
• యూనిట్‌లోని ఒక్కో ఉపశీర్షికను ఒక్కో పాఠంగా తీసుకోండి.
• చదివాక పుస్తకం మూసి, మూడు వాక్యాలు సొంతంగా రాయండి. ఆ తరవాతే సరిచూసుకోండి.
• మర్నాడు, మూడో రోజు, వారానికి అదే ప్రశ్నకు మళ్ళీ జవాబు చెప్పండి.
• వారానికి ఒకరోజు గంటసేపు కూర్చుని, ఆ వారం పాఠాలన్నిటినీ కలిపి ఒక పూర్తి జవాబు రాయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. పాఠాన్ని ముక్కలు చేయడానికీ, చిన్న పాఠం తయారుచేయడానికీ తేడా ఏమిటి?
2. నాలుగుసార్లు చదివినవారు వారం తరవాత ఎందుకు వెనకబడ్డారు?

ఈ రెండింటికీ వెనక్కి తిరగకుండా జవాబు రాయండి. రాయలేకపోయిన భాగమే రేపటి మీ మొదటి చిన్న పాఠం.