చెవులతో చూచిన హాకీ

నూజివీడు పేరు చెప్పగానే శ్రోతలకు జ్ఞప్తికి వచ్చునది మామిడిపండు. చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి కాయలు మా యూరి పేరును దూరప్రాంతములకు మోసికొనిపోయినవి. అటువంటి చోట హాకీ ప్రసక్తి యేమని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మా తోటల నడుమ హాకీ యాడిన వారిని మేమెరుగము. మాలో అసలైన హాకీకర్రను చేతబట్టి చూచినవారు ఇద్దరే. అదియు విజయవాడలో నొక దుకాణమున. వెల విని తిరిగి యిచ్చివేసిరి. అయినను మేము కొందరము అరువది యేండ్లకు పైగా ఆ యాటకు అభిమానులమై, ఆ యభిమానము మూలముననే స్నేహితులమై బ్రదికితిమి. చూడని యాటపై అంతటి మమకారమెట్లు నిలిచెనో, రేడియోలో హాకీ వినుట యెట్టి విద్యయో చెప్పెదము.

1928 మొదలుకొని 1956 వరకు జరిగిన ఆరు ఒలింపిక్సులలోను హాకీ స్వర్ణపతకము భారతదేశమునకే వచ్చెను. మా పెద్దలకు అది వానకాలములో వాన కురియుట వంటిది. ఎవరును ప్రత్యేకముగా సంతోషించెడివారు కారు. 1960 సెప్టెంబరు 9వ తేదీన రోము నగరమున పాకిస్తాను ఒకే యొక గోలుతో మనలను ఓడించెను. ఆ వార్త రేడియోలో వినబడినప్పుడు మేము పదేండ్ల పిల్లలము. అరుగుమీది పెద్దలు మాటలాడక కూర్చుండుట చూచి, ఇదేదో పెద్ద విషయమని మాకు తోచెను. మరునాటినుండి తోటలో వంగిన కొమ్మలు వెదకి, ఎండిన మామిడి టెంకను బంతిగా జేసికొని కొట్టసాగితిమి. టెంక గుండ్రముగా నుండదు గనుక ఎటు పోవునో దానికే తెలియదు. గెలుపు విని అభిమానులైనవారు లోకమున పెక్కుమంది యుందురు. మేము ఓటమి విని అభిమానులమైతిమి. తరువాతి కాలములో అదియే మాకు అక్కరకు వచ్చెను.

మా కూటమికి పేరు లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. ఉన్నది ఒక రేడియో. అది మేము బాబాయిగారని పిలుచు తోటయజమాని యింటిది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమైన పిదప కొన్నదని ఆ యింటివారు చెప్పెడివారు. ఏటేట తపాలా కార్యాలయమునకు పోయి లైసెన్సు రుసుము చెల్లింపవలసిన కాలమది. ఏరియలు తీగను పెంకుటింటి కొననుండి పెరటిలోని పెద్దరసము చెట్టునకు కట్టిరి. గాలి వీచినచో కొమ్మ ఊగును, కొమ్మతో తీగ ఊగును, తీగతో ఢిల్లీ ఊగును.

రేడియోకన్న ముఖ్యులు హిందీ మాష్టారు. మేము వినిన హాకీ వ్యాఖ్యానము హిందీలోనో ఆంగ్లముననో యుండెడిది. మాష్టారు మాకన్న పదేండ్లు పెద్ద; దక్షిణ భారత హిందీ ప్రచార సభవారి పరీక్షలు ప్రాథమిక మొదలుకొని ప్రవీణ దాక ఉత్తీర్ణులైనవారు. హిందీలో ప్రత్యక్షవ్యాఖ్యానమును 'ఆంఖో దేఖా హాల్' అందురు. కన్నులార చూచిన వృత్తాంతమని యర్థము. ఎక్కడనో యెవరో కన్నులార చూచినది ఢిల్లీకి వచ్చి, ఢిల్లీనుండి మా పెరటి చెట్టునకు వచ్చి, మాష్టారి చెవిలో దూరి, తెలుగై వెలువడి మాకు చేరునప్పటికి బంతి మైదానమున మరి రెండు చోట్లు మారియుండెడిది.

ఇట్టి వార్త అర్థము కావలెనన్న మైదానము మనస్సులో నుండవలెను. అందుచే మాష్టారు ఒక వేసవి సెలవులలో మమ్ము తోటలోనికి గొనిపోయి తాడుతో కొలిపించిరి. హాకీ మైదానము నూరు గజముల పొడవు, అరువది గజముల వెడల్పు. మా లెక్కలో సుమారు ఎకరము ఇరువదినాలుగు సెంట్లు. నలువది అడుగుల ఎడముగా నాటిన తోటలో ముప్పదిమూడు చెట్లు పట్టు చోటు. గోలు నాలుగు గజముల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. దాని ముందు పదునారు గజముల దూరమున వంపుగీత యొకటి గీయుదురు. ఆటగాండ్రు దానిని 'డీ' అందురు. ఆ గీత లోపల దాడిచేయు జట్టువాని కర్ర తగిలిన బంతియే గోలగును. వెలుపలినుండి యెంత బలముగా కొట్టి లోనికి పంపినను లెక్కకు రాదు. ఇదంతయు సున్నముతో గీసి చూపి, మాష్టారు చెట్లకు ఉద్యోగములు పంచిపెట్టిరి. నూతి దగ్గరి చెట్టు ఎడమ అంచు. కలెక్టరుకాయ చెట్టు కుడి అంచు. పడమటి గట్టుమీది జంటచెట్ల నడుమ పరుల గోలు. ఆనాటినుండి ఆయన అనువాదములో "నూతి దగ్గర" అని వినబడినచో బంతి యెక్కడ నున్నదో మాకు స్పష్టముగా తెలిసెడిది. సగము ఆట తరువాత జట్లు దిక్కులు మార్చుకొనును గనుక మేమును చెట్లను తారుమారు చేసికొనెడివారము. క్రొత్తగా వచ్చినవాడు మా మాటలు వినినచో తోట తగవేదో తీర్చుచున్నామని యనుకొనును.

వినుటను గూర్చి కొంచెము వివరింపవలెను. క్రికెట్టు వ్యాఖ్యానము తీరికగలది. బంతికిని బంతికిని నడుమ కాఫీ త్రాగవచ్చును, ప్రక్కవానిని ప్రశ్నింపవచ్చును. హాకీలో అట్టి సందు దొరకదు. వ్యాఖ్యాత యెంతటి సమర్థుడైనను ఆయన మాట ఆటకు వెనుకనే యుండును. కావున మాటకన్న ముందు స్వరమును పట్టుకొనవలెను. వాక్యములు పూర్తిగా నడచుచున్నచో బంతి మైదానము నడుమ నున్నదని గ్రహింపవచ్చును. క్రియలు రాలిపోయి పేర్లు మాత్రము మిగిలినచో డీ సమీపించినది. గోలు పడినప్పుడు మొదట వినబడునది వ్యాఖ్యాత మాట కాదు, జనఘోష. ఆ ఘోష మనవారిదో పరులదో తేలుటకు ఒక క్షణము పట్టును. ఆ క్షణమున ఎవరును ఊపిరి తీయకపోవుట మేమనేక పర్యాయములు గమనించితిమి.

దీనికి తోడు ఆకాశపు చిక్కు ఒకటి కలదు. దూరదేశములనుండి హ్రస్వతరంగములపై వచ్చు ధ్వని ఎంతో ఎత్తున నున్న అయనమండలమను పొరకు తగిలి క్రిందికి మరలి వచ్చును. ఆ పొర నిలుకడగా నుండదు. దానితో ధ్వని యొకమారు ఉబ్బును, ఒకమారు అణగును. అణగిన నిమిషములో గోలు పడవచ్చును. ఒకని చెవికి వినబడినది మరియొకని చెవికి వినబడదు. "నీకేమి వినబడిందిరా?" అని అడుగవలసినదే, చెప్పినది నమ్మవలసినదే. కలిసి వినక తప్పని యాట గనుకనే మమ్ము ఇంతకాలము కలిపియుంచినదని మా యభిప్రాయము.

మా జీవితమున నెన్నటికిని మరువరాని దినము 1975 మార్చి 15. కౌలాలంపూరులో ప్రపంచకప్పు తుదిపోటీ, మరల పాకిస్తానుతోనే. చెట్లపై పిందె నిమ్మకాయంత యుండెను. గాలి వీచినచో పిందె రాలునని తోటవారికి భయము, ఏరియలు ఊగునని మాకు భయము. జస్‌దేవ్ సింగ్ గారి స్వరము వచ్చుచుండెను. మొదటి గోలు పాకిస్తానుదే. రెండవ సగమున సుర్జీత్ సింగ్ సమము చేసెను. పిమ్మట ధ్యాన్‌చంద్ కుమారుడైన అశోక్ కుమార్ కొట్టిన బంతి గోలు కొయ్య మూలకు తగిలి వెలుపలికి వచ్చెను. మాష్టారు, "కొయ్యకు తగిలి బయటికొచ్చేసింది" అనిరి. మాలో నొకడు మాట లేకుండ లేచి పెరటిలోనికి పోయెను. అంతలో రేడియోలో ఘోష; మాష్టారు చేయి యెత్తి, "కాదు, కాదు, ఉండండి, గోలిచ్చాడు!" అని కేకవేసిరి. బంతి లోపలికి పోయి వచ్చినదని మలేషియా అంపైరు తీర్పు. పాకిస్తానువారు ఒప్పుకొనక వాదించుచుండిరి. పెరటిలోనికి పోయినవానిని చెట్టుక్రిందనుండి లాగికొని రావలసి వచ్చెను. రెండు గోలులకు ఒకటిగా గెలిచితిమి. ఆనాటినుండి ఆట మొదలగునప్పుడు ఎవడో యొకడు, "మాష్టారూ, సరిగా విని చెప్పండి" అనుట మాకు ఆచారమైపోయెను. ఆయనకు ప్రతిమారును కోపము వచ్చెడిది.

ఆటలు ఏడాదికి కొన్ని దినములే. మిగిలిన దినములందు మేమేమి చేసెడివారమనగా, అందరివలెనే తోటలు చూచుకొనెడివారము. పౌష మాఘములలో పూత, పూతపై తేనెమంచు పురుగు, వేసవిలో కౌలుదారులతో తగవులు, చిక్కముతో కాయ కోయుట, గడ్డిపరచి మాగవేయుట. కాని సాయంకాలము బాబాయిగారి అరుగుపై కూర్చున్నప్పుడు మాష్టారు గోలుల లెక్క వ్రాసిన పుస్తకము తీయబడెడిది. తేదీ, ఊరు, గోలులు, కొట్టినవారి పేర్లు, చివర మా పంటలను గూర్చి ఒక పంక్తి. పత్రికలలోని బొమ్మలను అన్నముమెతుకులతో అంటించెడివారము. హాకీ సంగతి రెండు మాటలలో ముగిసి, మాట అప్పులలోనికిని ఆడపిల్లల సంబంధములలోనికిని పోయెడిది. నోటు వ్రాయకుండ ఇచ్చిపుచ్చుకొన్న సొమ్ము మా నడుమ కొంత కలదు. కొంత తిరిగి రాలేదు కూడ. వంటయింటినుండి కాఫీ పంపు పిన్నిగారు ఏనాడును వచ్చి మా సరసన కూర్చుండలేదు. కాని మా నిశ్శబ్దమునుబట్టి ఎవరు గెలుచుచున్నారో లోపలినుండియే చెప్పగలిగెడివారు. మా యందరిలో గొప్ప శ్రోత ఆమెయే యని మేమాలస్యముగా తెలిసికొంటిమి.

తరువాత చెడ్డకాలము వచ్చెను. 1976 మాంట్రియల్ ఒలింపిక్సునందు మొట్టమొదటి పర్యాయము పచ్చికకు బదులు కృత్రిమపు నేలపై ఆడించిరి. పచ్చికపై బంతి కర్రకు అంటుకొన్నట్లు తిరుగును. ఒడుపుగలవాడు దానిని నలుగురి నడుమనుండి తప్పించుకొని పోగలడు. క్రొత్త నేలపై బంతి జారిపోవును. వేగము, దమ్ము, పొడవైన పాసులు ముఖ్యము. అట్టి నేల పరచుటకు విశేషధనము కావలెను. ఆ యేడు మనము ఏడవ స్థానమున నిలిచితిమి. 1980లో మాస్కోలో స్పెయినును నాలుగు మూడు గోలులతో గెలిచి స్వర్ణపతకము తెచ్చుకొన్నను, 1982 డిసెంబరు 1వ తేదీన ఢిల్లీ ఆసియా క్రీడల తుదిపోటీలో పాకిస్తాను మనపై ఏడు గోలులు చేసెను. మొదటి గోలు మనదే యగుట మరింత బాధ. అయిదవ గోలు తరువాత మాష్టారు అనువదించుట మానిరి. దాని యవసరము లేకపోయెను. ఏడు నెలలు తిరుగకుండగనే 1983 జూన్ 25వ తేదీన క్రికెట్టు ప్రపంచకప్పు మనకు వచ్చెను. అరుగుపై పదునొకండుగురము కూర్చుండెడివారము నలుగురమైతిమి. పోయినవారిని మేము నిందింపలేదని చెప్పినచో అబద్ధమగును. రెండేండ్లు ఒక మిత్రునితో మాటలే లేవు.

ఆ మౌనము 1990లో వీడెను. ఆ యేడు ఫిబ్రవరిలో లాహోరు ప్రపంచకప్పున మన జట్టు పదవ స్థానమునకు దిగజారెను. మే నెలలో తుపాను కృష్ణాతీరమును తాకినప్పుడు మా తోటలలో కోతకు వచ్చిన కాయ నేలపాలయ్యెను. క్రికెట్టునకు పోయిన ఆ మిత్రుడు ఎండ రాగానే కత్తిపీటతోను, ఇంటిల్లిపాదితోను మా తోటకు వచ్చి, పనికివచ్చు పచ్చికాయ నంతయు ముక్కలు చేసి ఒరుగులు పోయించెను. క్షమాపణ మాట ఎవరును ఎత్తలేదు. మధ్యాహ్నము భోజనమప్పుడు వాడు, "లాహోరులో మరీ పదో స్థానమేమిట్రా?" అని యడిగెను. వాడు కూడ రహస్యముగా వినుచునే యున్నాడని అప్పుడు తెలిసెను.

తెలుగువారి పేరు వ్యాఖ్యానమున వినబడిన దినములు మాకు పండుగలు. హైదరాబాదునకు చెందిన ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్సులలో ఆడెను. చిత్తూరు జిల్లా పల్లెటూరినుండి వచ్చిన ఎతిమరపు రజని భారత మహిళా జట్టునకు గోలుకాపరి యయ్యెను. ఆమెను చూచి మా మనుమరాండ్రలో నొకతె టెంకకు బదులు నిజమైన బంతి కొనిపించుకొన్నది.

టెలివిజను వచ్చిన తరువాత మేమాటను కన్నులతో చూచితిమి. మొదటి దినమున ఏమియు అర్థము కాలేదు. నూయి ఉండవలసిన వైపు నూయి లేదు. 2008లో మన జట్టు బీజింగు ఒలింపిక్సునకే అర్హత పొందలేకపోయెను. 2012 లండనులో చివరి స్థానము. అయినను చూచుచునే యుంటిమి.

2021 ఆగస్టు 5వ తేదీ ఉదయము ఏడు గంటలకు టోక్యోలో జర్మనీతో కాంస్యపతకపు పోటీ. అంటువ్యాధి దినములు గనుక మాష్టారింటి వసారాలో ఎడమెడముగా కూర్చుంటిమి. ఆయనకు ఎనుబది దాటినవి. చెవులు చాలవరకు వినబడవు, చూపు మందగించినది. ప్రతి సంగతియు చెవి దగ్గర బిగ్గరగా చెప్పవలెను. ఒకటికి మూడు గోలులతో వెనుకబడిన మనవారు అయిదు నాలుగు ఆధిక్యమునకు వచ్చిరి. ఆరు సెకనులు మిగిలియుండగా జర్మనీకి పెనాల్టీ కార్నరు దొరికెను. శ్రీజేష్ బంతిని ఆపివేసెను. నలువదియొక సంవత్సరముల తరువాత ఒలింపిక్సు హాకీలో మనకు పతకము. మేము లేచి నిలిచి అరచుచుండగా మాష్టారు మా ముఖములను పరికించి, "పడిందా?" అని యడిగిరి. అది యెన్నడును మేమాయనను అడుగు ప్రశ్న.

"లేదు మాష్టారూ! ఆపేశాడు. మనమే గెలిచాం."

"సరిగా చూసి చెప్పండిరా" అనిరి.

2022లో నూజివీడు కృష్ణాజిల్లానుండి ఏలూరుజిల్లాలోనికి మారెను. పెద్దరసము చెట్టు ఇంకను కాయుచున్నది. 2024 ఆగస్టు 8వ తేదీన పారిస్‌లో స్పెయినును రెండు ఒకటితో గెలిచి మనవారు మరల కాంస్యపతకము తెచ్చుకొనిరి. రెండు గోలులును హర్మన్‌ప్రీత్ సింగ్ కొట్టినవే. పుస్తకములో ఆ పంక్తిని మాలో నొకడు వ్రాసెను. అక్షరములు మాష్టారివంత గుండ్రముగా లేవు.