ముళ్లపొదలకూ పెద్దపీట

వన్యప్రాణుల సంస్థలు నాలుగు ఒకచోట కూర్చుంటే ఏ అడవిని ముందు కాపాడాలన్నది వెంటనే తేలదు. పక్షులవాళ్లకు చెరువు ముఖ్యం, మొక్కలవాళ్లకు కొండ ముఖ్యం. డబ్బూ మనుషులూ అన్నిటికీ చాలరు. అందుకే ముందు చోటు గురించి కాక కొలత గురించి ఒప్పుకోవాలి. 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రకటించిన 'కీలక జీవవైవిధ్య ప్రాంతాల' ప్రమాణం అలాంటి కొలతే. బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వంటి సంస్థలు అందులో భాగస్వాములు. ఒక జాతి అంతరించే తీవ్ర ముప్పులో ఉంటే, లోకంలో మిగిలినవాటిలో 0.5 శాతమైనా ఒకచోట ఉండి, సంతానం కనే జంటలు గానీ గుంపులు గానీ కనీసం 5 ఉంటే, ఆ చోటుకు అర్హత వస్తుంది. అడవి అందం, విస్తీర్ణం ఈ లెక్కలోకి రావు.

ఇది ఎంత అవసరమో కడప జిల్లా లంకమల చెబుతుంది. అక్కడి ముళ్లపొదలను చూసినవారు బీడు అనే అంటారు. 1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ దొరికింది ఆ పొదల్లోనే. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వెతుకులాటకు దారి చూపింది స్థానికంగా పిట్టలు పట్టేవారే. 1988లో అక్కడే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. రాత్రిపూట తిరిగే ఆ పిట్ట కోసం పరిశోధకులు నేల మీద మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక కాలిముద్రలు వెతికేవారు. తర్వాత తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల మీదికి వచ్చినప్పుడు ఈ ఆధారాలే అక్కరకొచ్చాయి. కాలువ దారి మళ్లింది.

అయితే అర్హత వేరు, ముందు ఎక్కడ ఖర్చుపెట్టాలన్నది వేరు. ముప్పు ఎంత దగ్గరికి వచ్చింది, ఊరివాళ్లు ఒప్పుకుంటారా, పని సాగుతుందా అన్నవి విడిగా తూచాలి. కలివికోడి ఆ తర్వాత ఏళ్ల తరబడి కంటపడలేదు. కనిపించలేదని ఆ చోటును జాబితా చివరికి నెట్టడం పొరపాటని నా గట్టి నమ్మకం. 86 ఏళ్లు కనిపించకుండా బతికిన పిట్ట అది.

ఇంకో సంగతి. పొదలు మరీ పలచబడినా, మరీ దట్టంగా కమ్ముకున్నా కలివికోడికి పనికిరావు. మేకలు ఎంత మేయాలి, కట్టెలు ఎంత కొట్టుకోవచ్చు అన్నది ఢిల్లీలోనో లండన్‌లోనో కూర్చుని తేల్చే లెక్క కాదు. భాగస్వాముల పట్టికలో సంస్థల పేర్ల పక్కన ఆ మేకల కాపరుల ఊళ్లు కూడా ఉండాలి, అదీ హద్దులు గీయకముందే.